మొదట చెప్పినవాడి మంద

ఆత్మకూరులో మా ఆదివారం క్లాసుకు వచ్చేవాళ్లలో గొర్రెల వాసన వెంటబెట్టుకొచ్చేది నేనొక్కదాన్నే. వెనక బెంచీలో కూర్చునే ఒకాయన ఒకసారి ముక్కు మూసుకుని నవ్వాడు. "గొర్రెలు మేపే ఇంట్లో నుంచి వచ్చినదాని దగ్గర మల్లెపూల వాసన రమ్మంటే యాడ నుంచి వస్తాదయ్యా?" అన్నాను. మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు. మా పల్లె ఉదయగిరి దాటి వరికుంటపాడు పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడిస్తే వస్తుంది. వారమంతా ఉదయగిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు సోషల్ చెబుతాను. ఆదివారం ఆత్మకూరు బస్సెక్కుతాను. దూరవిద్యలో రాజనీతిశాస్త్రం ఎమ్మే చదువుతున్నాను. అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది ముగ్గురం: నేను, నాయన, నాయన తల్లి అయిన మా అవ్వ. మా ముగ్గురికీ ఆధారం నాయన మంద.

ఆ ఏడాది మా సారు అందరికీ ఒక పని పెట్టాడు. ఈనాటి ప్రపంచ సమస్య ఏదైనా ఒకటి తీసుకుని, అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలతో దాన్ని విప్పి, క్లాసు ముందు నిలబడి చెప్పాలి. ఒకరు యుద్ధం తీసుకున్నారు, ఒకరు చమురు, ఇంకొకరు వేడెక్కుతున్న భూమి. నేను రోగాన్ని తీసుకున్నాను. రోగం సరిహద్దు దాటుతుందని తెలిసీ దేశాలు మొదట్లో ఎందుకు దాచిపెడతాయి? కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చుని టీవీ చూస్తున్నప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను తినేస్తూనే ఉంది.

నా వంతు వచ్చినప్పుడు బాగానే దంచేశాను. వాస్తవికవాదం అనే సిద్ధాంతం చెప్పేది ఇది: ఇద్దరు మనుషులు కొట్టుకుంటే పోలీస్ స్టేషనుంది, కోర్టుంది. దేశాల పైన మాత్రం ఇంకో సర్కారు లేదు. పైన అడిగే నాథుడు లేనప్పుడు ఎవరి ప్రాణానికి వాళ్లే కాపలా. రోగం వచ్చిందని ముందుగా చెప్పిన దేశానికి విమానాలు ఆగిపోతాయి, దాని సరుకు ఎవరూ కొనరు, దాని మనుషుల్ని ఎవరూ గడప తొక్కనివ్వరు. దాచిన దేశం హాయిగా వ్యాపారం చేసుకుంటుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తెలిసినవాడు కడుపు చించుకుంటాడా? కాబట్టి దాచడం వాళ్ల దుర్మార్గం కాదు, వాళ్ల జాగ్రత్త. అలా ముగించాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

సారు కొట్టలేదు. "బాగుందమ్మా. వాళ్లెందుకు దాచారో చెప్పావు. నువ్వే ఆ దేశాన్ని ఏలుతుంటే ఏం చేసేదానివి? అది వచ్చే ఆదివారం చెప్పు. ఒకరు చేసిన తప్పుకు కారణం చూపించి ఊరుకోవడానికే అయితే, ఇంత చదువు దేనికి?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మిగతావాళ్లెవరినీ అడగని ప్రశ్న నన్నే ఎందుకు అడగాలి? నేనేమన్నా దేశాలు ఏలుతున్నానా, ఉదయగిరిలో ఏడో తరగతికి పటాలు గీయిస్తున్నాను గానీ. బస్సులో కూర్చుని దారి పొడుగునా ఆయన్ను తిట్టుకుంటూనే వచ్చాను.

రెండు రోజులు పోయాక ఒక సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి, నాయన ఒక గొర్రెను మంద నుంచి విడదీసి ఇంటి వెనక కట్టేసి ఉన్నాడు. ఉప్పునీళ్లలో గుడ్డ తడిపి దాని మూతి తుడుస్తున్నాడు. ముక్కు కారుతోంది, కళ్లకు పుసి కట్టింది, పెదవుల లోపల పుండ్లు. వెనక భాగమంతా పారుడుతో తడిసిపోయి ఉంది. గొర్రెల ఇంట్లో పుట్టినదానికి ఆ జబ్బు పేరు ఎవరూ చెప్పక్కర్లేదు. పారుడు రోగం. ఒక గొర్రె తుమ్మితే పక్క గొర్రెకు అంటుకుంటుంది, ఒక మంద తాగిన చోట ఇంకో మంద తాగితే దానికీ వస్తుంది. ముందే సూదులు వేయిస్తే ఆగుతుంది, వచ్చాక మాత్రం చేయగలిగింది తక్కువ.

నాయన నా మొహం చూడకుండానే అన్నాడు. "ఎవురికీ చెప్పబాక."

"డాక్టరుకు?"

"డాక్టరుకు చెప్తే ఊరికి చెప్పినట్టే. గమ్మున ఉండు."

ఆయన భయం ఏమిటో నాకు తెలుసు. మా దిక్కున ఒక పద్ధతి ఉంది. ఏ పల్లె మందకైనా జబ్బు వచ్చిందని తెలిస్తే, చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఆ పల్లె నుంచి వచ్చే దారికి అడ్డంగా తాడు కట్టి, దానికి వేపమండలు వేలాడదీస్తారు. మీ జీవాలు ఇటు రాకూడదని అర్థం. ఆ మండలు దాటి గొర్రెను తోలినవాడు బతికి బట్టకట్టడు. వానలు పడకముందు మాకందరికీ నీళ్లు వాగులో ఒక్క మడుగులోనే ఉంటాయి. మేపు కొండ కిందే. మండలు కట్టారంటే ఆ రెండూ బందే.

కొన్నేళ్ల కిందట మా మందలో ఇదే జబ్బు కనిపిస్తే నాయన నిజాయితీగా పోయి అందరికీ చెప్పాడు. సాయంత్రానికి మా దారులన్నిటికీ మండలు వేలాడాయి. రోగానికి చచ్చినవాటి కన్నా మేపు లేక, నీళ్లు లేక చచ్చిన గొర్రెపిల్లలే ఎక్కువ. ఆ నెలంతా పక్క పల్లెల జీవాలు దగ్గుకుంటూ ముక్కులు కారుతూనే సంతకు పోయాయి, అమ్ముడుపోయాయి. వాటికీ ఉందని ఎవరూ నోరు విప్పలేదు. పేరు బయటపడ్డ మందను ఆపడమే మా వేపమండలకు తెలిసిన విద్య. రోగాన్ని ఆపడం వాటికి చేతకాదు.

"ఆ నష్టం నువ్వు మోసినావా పాపా? దొడ్లో పిల్లలు ఎండిపోయి నాలికలు బయటేస్తాంటే చూసింది నేను. ఇంకోతూరి చూడను" అన్నాడు నాయన.

కోపం నాకు నోటిదాకా వచ్చింది. దాచిపెట్టి మడుగుకు తోలితే అన్ని పల్లెల మందలూ పోతాయని అరవబోయాను. అరవబోయి ఆగిపోయాను. ఆదివారం క్లాసులో నేను చప్పట్లు కొట్టించుకున్న మాటే ఈయన అంటున్నాడు. అడిగే నాథుడు లేడు, చెప్పినవాడు చెడ్డాడు, కాబట్టి దాచు. పుస్తకంలో దేశం అని ఉన్న చోట మా నాయన మూతి తుడిచే గుడ్డ పట్టుకుని కూర్చున్నాడు. క్లాసులో ఆ దేశాన్ని వెనకేసుకొచ్చినదాన్ని, ఇంట్లో నాయన మీద మండిపడటానికి నాకేం హక్కుంది? అట్లాగని ఊరుకోవడానికి మనసు ఒప్పుకోలేదు.

"ఒకటి చెయ్యి నాయనా. నీకు తెలీకుండా నేను ఎవరికీ చెప్పను. ఒట్టు. కానీ మందను దొడ్డి దాటించబాక. మడుగుకు తోలబాక" అన్నాను.

దానికి ఒప్పుకున్నాడు. కాలు బెణికింది, నడవలేకుండా ఉండానని ఊళ్లో చెప్పి, మందను దొడ్లోనే ఆపాడు. మోపెడ్ మీద క్యాన్లు కట్టుకుని వాగు నుంచి నీళ్లు నేనే తెచ్చాను. కాలు బెణికినవాడు బయటికి రాకూడదు కదా. ఆయన అబద్ధం ఆడినందుకు నడుము పడిపోయింది నాకు.

ఆ నీళ్లు మోస్తూనే ఆలోచించాను. వాస్తవికవాదం తప్పు చెప్పలేదు, సగం చెప్పి ఆగింది. ఉదారవాదం అనే రెండో సిద్ధాంతం వాళ్లు అక్కడి నుంచి ఎత్తుకుంటారు. దేశాల మధ్య పోలీసు లేకపోయినా, రేపు మళ్లీ ఎదురుపడేవాళ్లు గనక, ముందే ఒక ఒప్పందం చేసుకోవచ్చు. చెప్పినవాడికి నష్టం జరక్కుండా అందరూ పూచీ పడితే, చెప్పడానికి ఎవరైనా ముందుకొస్తారు. మనుషులు మంచివాళ్లయ్యేదాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు, చెప్పడం గిట్టుబాటయ్యేలా చేస్తే చాలు. మా వేపమండల పద్ధతి సరిగ్గా దీనికి తిరగబడి ఉంది. చెప్పినవాడికి శిక్ష, దాచినవాడికి సంత.

రాత్రీ పగలూ నాయన చెవిలో ఇదే పోరు. మన పేరు చెప్పకుండా పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఒప్పందం మాట్లాడదామన్నాను. నాయన నవ్వాడు. "ఏమీ లేకుండా ఊరికే అడిగినామంటే నమ్మేదానికి వాళ్లేమన్నా చెవుల్లో పూలు పెట్టుకున్నారా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటాది."

ఆయన చెప్పింది నిజమే. అడగడమే చెప్పడం అవుతుంది. ఒప్పందం ముందా, నిజం ముందా అంటే, ఎవరో ఒకరు నిజాన్నే ముందు పెట్టాలి. ఆ ఒకరు మునిగిపోవచ్చు కూడా.

ఈ గొడవంతా మంచం మీద పడుకుని వింటున్న అవ్వ చివరికి లేచి కూర్చుంది. "ఏంరా, దొడ్లో ఇంకో రెండు దగ్గతా ఉండాయి. రేపు నాలుగు సస్తాయి. సచ్చినయ్యి వాసన రాకుండా ఉంటాయా? అప్పుడు దాచిపెట్టినాడని మండలు కట్టి, మొహాన ఉమ్మి కూడా ఊస్తారు. ఇప్పుడు చెప్తే మండలొక్కటే. ఉమ్మన్నా తప్పుతాది గదరా."

నాయన లేచి దొడ్డి దాకా పోయి చూసొచ్చాడు. తర్వాత నా వైపు వేలు చూపించి అన్నాడు. "సరే. నేనే చెప్తా. కానీ నన్ను ఒంటిగా నిలబెట్టినావంటే, నీ పుస్తకాలన్నీ పొయ్యిలో పెడతా."

"నేనే అంటిస్తాలే" అన్నాను.

రోడ్డు మీద మా పల్లె మలుపు దగ్గర ఒక టీ అంగడి ఉంది. మందలు తోలుకుపోయే ముందు నాలుగు పల్లెలవాళ్లూ పొద్దున్నే అక్కడ టీ తాగుతారు. ముందురోజే ఉదయగిరి పశువుల డాక్టరుకు ఫోను చేశాం. ఆ పొద్దున స్కూలుకు సెలవు పెట్టి నాయనతో పాటు నేనూ పోయాను. పక్క పల్లె పెద్దమనిషి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నాయనకు బావ వరస, నాకు మామ. పోయినసారి మొట్టమొదట మండలు కట్టింది ఆయనే.

నాయన టీ తీసుకోలేదు. నిలబడే చెప్పాడు. "నా మందకు పారుడు రోగం వచ్చిండాది. డాక్టరుకు చెప్పినా. మీకూ చెప్తాండా."

గ్లాసులన్నీ ఆగిపోయాయి. ఒకాయన అలవాటుగా లేచి, అంగడి పక్కన ఉన్న వేపచెట్టు వైపు నడిచాడు. మండలు విరచడానికి. అది చూసి నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"విరుచన్నా, బాగా విరుచు. మా దారికి ఒక్కదానికే కాదు, అన్ని దారులకూ కావాల" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. "నాలుగు పల్లెల దారులకూ కట్టండి. డాక్టరొచ్చి ప్రతి మందనూ చూసేదాకా ఏ మందా దొడ్డి దాటకూడదు. మడుగు నీళ్లు మనుషులే మోసుకుపోవాల. బాగుండే జీవాలకు సూదులేయించాల. జబ్బున్న మందకు మేపు తక్కువైతే మిగతా మూడు పల్లెలూ తలా రవంత ఇయ్యాల."

"జబ్బు మీకొస్తే మా గొర్రెలు ఎందుకు కడుపు మాడ్చుకోవాల?" అన్నాడు చెట్టు దగ్గరున్నాయన.

"మీ మందలో లేదని నీకెట్ట తెలుసు? పోయిన తూరి మా నాయన చెప్పినాడు, మీరు దారి మూసినారు. ఆ నెలలో సంతకు పోయిన జీవాలన్నీ బాగుండినాయా? అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం."

మామ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "ఏం మే కోడలా, మమ్మల్ని దొంగలంటాండావా?"

"అనలేదు మామా. చెప్పినోడి మంద ఎండిపోతాది, దాచినోడి మంద సంతకు పోతాది. పద్ధతే అట్టుంటే ఎవురు చెప్తారు? నేనైనా చెప్పను. మా నాయన చెప్పినాడు. ఈ తూరి ఆయన మంద ఎండిపోయిందంటే, మన నాలుగు పల్లెల్లో ఇంకెవురూ ఇంకెప్పుడూ చెప్పరు. మీ మందకు అంటుకునే రోజు కూడా మీకు ఎవురూ చెప్పరు."

మామ టీ సగంలో వదిలేసి లేచాడు. "చూస్తాంలే" అని తువ్వాలు భుజాన వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రానికి మండలు కట్టారు. మా దారికి మాత్రమే.

నేను ఏడ్చాను. ఎందుకు దాచాలి, వెక్కి వెక్కి ఏడ్చాను. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. క్యాన్లు మోపెడ్‌కు ఆయనే కట్టుకుని, కాలు బెణికిన సంగతి మర్చిపోయి, అందరూ చూస్తుండగానే వాగుకు పోయొచ్చాడు. మర్నాడు డాక్టరు వచ్చాడు. జబ్బు అదేనన్నాడు, ఇంకా తగలనివాటిని వేరే దొడ్లో పెట్టించాడు. రెండు పల్లెలవాళ్లు గొణుక్కుంటూనే తమ జీవాలకు సూదులు వేయించారు. మామ పల్లెవాళ్లు మాత్రం మా మందలకేం కాలేదని డాక్టరును పొలిమేర దగ్గర నుంచే పంపేశారు.

ఆదివారం క్లాసుకు పోకూడదనుకున్నాను. ఏం మొహం పెట్టుకుని పోవాలి? నాయనే తరిమాడు. "పో. ఆ సారుకు జవాబు చెప్పాలన్నావు గదా. మొదలుపెట్టినదాన్ని నడిమధ్యన వదిలేస్తే మనిషికి విసుగూ యాష్టా పుడతాది. మందకాడ నేనుండా."

క్లాసులో నిలబడి, జరిగినదంతా చెప్పాను. నా నోటి నుంచి నాయన మాటా, అవ్వ మాటా, పుస్తకం మాటా కలిసిపోయి వచ్చాయి. చివరికి మూడో సిద్ధాంతం గురించి చెప్పాను, నిర్మాణవాదం. ఏది లాభం, ఏది పరువు అని ఎవరూ పైనుంచి రాసి పంపలేదు. జబ్బు చెప్పుకోవడం సిగ్గు అని మనుషులే అనుకున్నారు, తరాలుగా అనుకుని అనుకుని అది గోడంత గట్టిపడింది. అనుకున్నది మనుషులే గనక మార్చుకోగలిగిందీ మనుషులే. ఒకరు సిగ్గుపడకుండా చెప్పడం మొదలుపెట్టాలి. అది చూసిన రెండోవాడికి రవంత సులువవుతుంది. దేశాలైనా అంతే అనుకుంటున్నానన్నాను. "నేను ఏలుతుంటే చెప్పేస్తాను సార్. చెప్పి, విన్నవాళ్ల వెంటపడతాను."

"మరి ఫలితం ఏమొచ్చింది?" అన్నాడు వెనక బెంచీ ఆయన. ఈసారి గొంతులో వెక్కిరింత లేదు.

"పెద్దగా ఏమీ రాలా. మా దారి ఇంకా మూసే ఉండాది."

"అయితే ఓడిపోయినట్టే కదా."

"ఈ వారానికి ఓడిపోయినాం. మళ్లీ టీ అంగడికాడికి పోతాం."

సారు సిద్ధాంతం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "మీ నాయనను అడిగానని చెప్పమ్మా" అన్నాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇంటి వెనక కట్టేసిన గొర్రె చచ్చిపోయింది. నాయన దాన్ని లోతుగా పూడ్చి, సున్నం చల్లి వచ్చి, దొడ్డి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కనే నేనూ కూలబడ్డాను. సారు అడిగాడని చెబితే తల ఊపాడు. అప్పుడే ఆయన ఫోను మోగింది. చెవి సరిగా వినపడదని నాయన ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడతాడు.

"బావా" అంది ఫోను. పక్క పల్లె మామ గొంతు.

"చెప్పు బావా."

అవతల గొర్రెల దగ్గు వినపడింది. తర్వాత మామ ఒక్కసారిగా అన్నాడు. "ఆ పొద్దు అంగడికాడ నువ్వు చెప్తాంటే, నా దొడ్లో అప్పటికే రెండు గొర్రెలకు ముక్కులు కారతా ఉండినాయి. అందుకే లేచొచ్చేసినా. నీ దారికి అడ్డం కట్టించింది కూడా నేనే. ఇప్పుడు మందంతా పడిపోయిండాది. మా ఊళ్లో ఇప్పుడే చెప్పినా. అందరూ తలుపులేసుకున్నారు. నీకు చెప్పేదానికి నాకు నోరు రాలేదు బావా."

నాయన తిడతాడనే అనుకున్నాను. తిట్టాలనే నాకూ ఉంది, నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. నాయన దొడ్లోకి చూశాడు. తర్వాత మా చొప్ప వామి వైపు చూశాడు. అది అప్పటికే నడుము ఎత్తుకు దిగిపోయి ఉంది.

"మేపు ఉండాదా నీకు?" అన్నాడు.

"యాడిది బావా. జబ్బు మందంటే ఎవురిస్తారు? ఎవురొస్తారు?"

"నేనొస్తా. నాకుండే రోగమే నీకుండాది, నేనొస్తే నీకు కొత్తగా అంటుకునేదేముంది? చీకటి పడేలోపల చొప్ప తెస్తా. డాక్టరుకు నేను ఫోన్ చేస్తాలే, నువ్వు మందను కదిలించబాక."

ఫోను జేబులో వేసుకుని నా వైపు తిరిగాడు. "ఏంది అట్ట చూస్తాండావు? పైకెక్కి మోపులు దించు పాపా. వాళ్లయ్యి కూడా ఆకలికే ఉండాయి."

క్లాసుకు కట్టుకుపోయిన చీర కొంగు నడుముకు దోపుకుని నేను వామి ఎక్కాను.